చదివిన పుస్తకం గురించి మన మాటల్లో రాసుకోవడం ఎలా? నవలలకి ఒక పద్ధతి, పిల్లల సైన్సు పుస్తకాలకి ఇంకో పద్ధతి

పుస్తకం అయిపోగానే చాలామంది రాసేది ఒకటే, "చాలా బాగుంది, అందరూ తప్పక చదవాల్సిన పుస్తకం" అని. లేదంటే కథ మొత్తం మొదట్నుంచి చివరిదాకా చెప్పేస్తారు. రెండిట్లోనూ చదివిన మనిషి కనపడరు. ఆర్నెల్లు పోయాక మనం రాసిందే మనం తీసి చూసుకుంటే ఆ పుస్తకం మనల్ని ఏం చేసిందో ఒక్క ముక్క కూడా గుర్తు రాదు. అందుకే నేను చెప్పేది ఏంటంటే, చదువుతుంటే మీకు లోపల ఏదో అయిన చోటు ఒకటి ఉంటుంది కదా, నవ్వొచ్చిందో, కోపమొచ్చిందో, రెండోసారి చదివారో, ఆ చోటు పట్టుకుని అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

ఆ చోటు తర్వాత వెతికితే దొరకదు, చదివేటప్పుడే పట్టుకోవాలి. సొంత పుస్తకమైతే పెన్సిల్‌తో పక్కన చిన్న గీత, లైబ్రరీదైతే ఒక చీటీ మీద పేజీ నెంబరు, దాని పక్కన రెండే మాటలు, "ఇక్కడ ఏడుపొచ్చింది" అనో "ఇది నమ్మబుద్ధి కాలేదు" అనో, అంతకంటే అక్కర్లేదు. పుస్తకం అయిపోయాక ఒక రాత్రి ఆగండి కానీ వేరేవాళ్లు రాసినవి మాత్రం అప్పుడే చదవకండి. చదివారంటే వాళ్ల మాటలే మీ చేతిలోంచి వచ్చేస్తాయి.

రైలుబడి తీసుకుందాం. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి సంగతులు రాసుకున్న పుస్తకం, అక్కడ 1981లో వచ్చింది. ఒకటో క్లాసులోనే స్కూలువాళ్లు పంపించేసిన పిల్లని వాళ్లమ్మ ఇంకో స్కూల్లో చేర్పిస్తుంది, అక్కడ పాత రైలు పెట్టెలే క్లాసురూములు. ఇంతవరకు రాస్తే అట్ట వెనకాల ఉన్నదే మళ్లీ రాసినట్టు. అందులో ఒక చోట ఆ పిల్ల పర్సు పాయిఖానా గుంటలో పడిపోతుంది. పొడుగు కర్ర గరిటె తెచ్చుకుని గుంటలో ఉన్నదంతా తోడి బయట కుప్ప పోస్తుంటుంది, అటుగా వెళ్తున్న హెడ్మాస్టరు కొబయాషి ఆగి ఏం చేస్తున్నావని అడుగుతాడు, పర్సు పడిపోయిందని చెప్తుంది, అయిపోయాక అదంతా మళ్లీ లోపల వేసేస్తావుగా అని మాత్రం అనేసి వెళ్లిపోతాడు. తిట్టడు, ఆపడు, సాయం కూడా పట్టడు.

నేనైతే ఇలా రాస్తాను: "ఆయన అలా వెళ్లిపోయిన చోట పుస్తకం పక్కన పెట్టేశాను. మా చిన్నప్పుడు గ్లాసు పగిలితే ముందు వినపడేది అరుపే. పగలగొట్టిన పిల్ల చేతికే చీపురిచ్చి, నమ్మి, తన పనికి తను వెళ్లిపోయే పెద్దవాళ్లు ఉంటారని నాకు తెలీదు." మూడు నాలుగు వాక్యాలే కానీ చదివినవాళ్లకి పుస్తకం ఎలాంటిదో తెలిసిపోతుంది, మీరెవరో కూడా తెలుస్తుంది.

నవల దగ్గరికొస్తే ఇంకో చిక్కు, కథ ఎంత చెప్పాలి అని. కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు చదివారా? చిన్న పుస్తకం, ఒక ముసలాయన తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు, అక్కణ్ణుంచి ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా కొత్తగా చదివేవాళ్లకి అన్యాయం చేసినట్టే. మరేం రాయాలి అంటే, ఆ అడవిలో మీరు ఎవరి పక్షాన ఉన్నారో రాయండి, ముసలాయన పక్షమా, పంది పక్షమా, మధ్యలో మీ పక్షం మారిందా, మారితే ఏ పేజీ దగ్గర. దీన్ని ముసలాయన, సముద్రం, చేప ఉన్న ఆ అమెరికన్ నవలతో, అంటే హెమింగ్వే రాసిన ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీతో, పోల్చడం అందరూ చేసేదే. పోల్చండి, తప్పేం లేదు, కానీ రెండూ విడిపోయే చోటు కూడా చెప్పండి. అక్కడాయన చేపని పట్టడానికి పోతాడు, ఇక్కడీయన తను పెంచుకున్నదాన్ని దక్కించుకోడానికి పోతాడు. నన్నడిగితే ఇది చిన్న తేడా కాదు, పుస్తకంలో బాధంతా అక్కడే ఉంది.

రచయిత గురించి వికీపీడియాలో ఉన్నదంతా ఎత్తి పెట్టక్కర్లేదు. కేశవరెడ్డి గారు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకి వైద్యం చేసిన డాక్టరు. ఆ సంగతి తెలిశాక మీరు చదివిన తీరు మారితే రాయండి, మారకపోతే వదిలేయండి.

ఇక పిల్లల పుస్తకాలు, అంటే కథలు కాదు, సైన్సు, జంతువులు, అంతరిక్షం, చరిత్ర లాంటివి. వీటి గురించి మనవాళ్లు రాసేది చాలా తక్కువ, రాసినా "బొమ్మలు బాగున్నాయి, పిల్లలకి ఉపయోగం" దగ్గర ఆగిపోతారు, నాకు బాధగా ఉండేది ఇదే, ఎందుకంటే పుస్తకం కొనాలనుకునే అమ్మానాన్నలకి ఇక్కడే మనిషి మాట ఎక్కువ అవసరం.

మొదటి పని, పిల్లలతో కూర్చుని చదవండి, వాళ్లు అన్నది అన్నట్టే రాసుకోండి, మీరు సరిచేయకుండా. గ్లాసు నిండా నీళ్లు పోసి అట్టముక్క మూసి తిరగేస్తే నీళ్లు కింద పడవు అని చాలా సైన్సు పుస్తకాల్లో ఉంటుంది, కింద నుంచి గాలి తోస్తోంది అని రెండు ముక్కల్లో కారణం కూడా ఇస్తారు. మా పాప అది చదివి వెంటనే "సగం నీళ్లే పోస్తే?" అంది. పుస్తకంలో జవాబు లేదు. బాత్రూంలో బకెట్ మీద పెట్టి చూశాం, సగం గ్లాసుకి కూడా అట్ట నిలబడింది. కొంచెం నీళ్లు కిందికి జారి అట్ట రవ్వంత కిందికి దిగుతుంది, దాంతో లోపలున్న గాలికి చోటు పెరిగి దాని ఒత్తిడి తగ్గుతుంది, అంచు చుట్టూ నీటి పొర అట్టని పట్టి ఉంచుతుంది, బయటి గాలి ఒత్తిడి మిగతా పని చేసేస్తుంది. ఆ పుస్తకం మీద నా అభిప్రాయం అంతా ఈ ఒక్క సంగతిలో ఉంది, పిల్లని బకెట్ దాకా నడిపించింది కాబట్టి మంచి పుస్తకమే, కానీ తర్వాతి ప్రశ్నకి చోటు వదల్లేదు.

రెండోది, అచ్చయిన సంవత్సరం చూడండి, కచ్చితంగా రాయండి. గ్రహాలు తొమ్మిది అని ఉందంటే ఆ పాఠం 2006 ఆగస్టుకి ముందుది, అప్పుడే ప్లూటోని మరుగుజ్జు గ్రహాల్లో వేశారు. డైనోసార్లన్నీ ఒట్టి బల్లుల్లా ఉన్నాయంటే, 1996లో చైనాలో ఈకల ఆనవాళ్లున్న శిలాజం బయటపడిన సంగతి ఆ బొమ్మలేసినాయన దాకా రాలేదన్నమాట. శనికి ఎన్ని చందమామలో చెప్పే పుస్తకమైతే ఇంకా జాగ్రత్త, 2025 మార్చికి ఆ లెక్క 274కి చేరింది. ఒంటె మూపురంలో నీళ్లుంటాయని రాసిన పుస్తకాలు ఇంకా అమ్ముతున్నారు, ఉండేది కొవ్వు. ఇలాంటివి రెండు మూడు సరిచూసి, తప్పుంటే పేజీ నెంబరుతో సహా చెప్పండి.

ఒక మాట, వయసు గురించి. అట్ట మీద ఏ వయసు వేశారో కాదు, మీ ఇంట్లో ఎవరు ఎంతసేపు కూర్చున్నారో రాయండి. మూడో క్లాసు పిల్ల సొంతంగా చదివిందా, మీరు చదివి పెడితే విన్నదా, బొమ్మలు మాత్రం తిప్పిందా.

మా తరం వాళ్లకి సోవియట్ పుస్తకాలంటే ప్రాణం. రాదుగ, ప్రగతి, మీర్ అనే అక్కడి ప్రచురణ సంస్థలవి, విశాలాంధ్ర షాపుల్లో కొన్నవి, ఆ కాయితం వాసన ఇప్పటికీ గుర్తుంటుంది. అవి మళ్లీ చదివి రాసేటప్పుడు మాత్రం చిన్నప్పటి ఇష్టాన్ని, ఇవాళ మీ పిల్లలు చదివితే జరిగిందాన్ని రెండు పేరాలుగా విడదీయండి. ఇష్టం గురించి మనసారా రాయండి, అది కూడా నిజమే. కానీ 1991తో ఆ పుస్తకాలు రావడం ఆగిపోయింది, అందులో రాకెట్ల సంగతులు అక్కడే ఆగిపోయి ఉంటాయి, ఆ ముక్క కొత్తగా కొనేవాళ్లకి చెప్పాలి.

నచ్చని పుస్తకం గురించి కూడా రాయండి. ఏ పేజీ దాకా చదివారో చెప్పండి, ఎందుకు వదిలేశారో చెప్పండి, సంభాషణలు కృతకంగా ఉన్నాయనిపిస్తే ఒక వాక్యం చూపించండి. పూర్తిగా చదవకుండా "పుస్తకం బాలేదు" అనకండి, "నూటఇరవయ్యో పేజీ దాటలేకపోయాను" అనండి, అది చదివినవాళ్లు తమకి ఆ పేజీ ఎలా ఉంటుందో వాళ్లే చూసుకుంటారు.