కెనడా కన్సల్టెంట్‌కి డబ్బు కట్టే ముందు లైసెన్స్ ఎలా చూసుకోవాలి?

కెనడా వీసాకి కన్సల్టెంట్ తప్పనిసరి కాదు. ఓపిక ఉంటే అప్లికేషన్ సొంతంగానే పెట్టుకోవచ్చు. సాయం కావాల్సిందే అనుకుంటే మాత్రం ఇలా చేయండి.

ఇద్దరు ముగ్గురి పేర్లు రాసుకుని, ఒక్కొక్కరినీ లైసెన్స్ నంబర్ అడగండి. డబ్బు తీసుకుని ఈ పని చేసేవాళ్లు అక్కడి లా సొసైటీ (లాయర్ల సంస్థ) సభ్యులో, క్యూబెక్ రాష్ట్రపు నోటరీనో, ఆర్‌సీఐసీ (లైసెన్స్ ఉన్న ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్) అయినా అయి ఉండాలి. ఆర్‌సీఐసీ నంబర్‌లో ‘ఆర్’ అక్షరం, దాని వెనక ఆరు అంకెలు ఉంటాయి. చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి.

అసలు చిక్కు ఇక్కడే. నంబర్ నిజమైనదే కావచ్చు, కానీ ఎవరిది? అమీర్‌పేటలో మీతో మాట్లాడే కౌన్సెలర్‌కి లైసెన్స్ ఉండకపోవచ్చు. గోడ మీది ఫ్రేమ్‌లో ఉన్న మనిషి టొరంటోలో ఉండొచ్చు, ఆయన పేరు వాడుతున్న సంగతి ఆయనకే తెలియకపోవచ్చు. అందుకే కన్సల్టెంట్లకి లైసెన్స్ ఇచ్చే సంస్థ, అంటే కెనడా ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ల ‘కాలేజ్’ వెబ్‌సైట్‌లోని పబ్లిక్ రిజిస్టర్‌ని మీరే తెరవండి. వాళ్లు పంపిన లింకు నొక్కొద్దు, స్క్రీన్‌షాట్ చూసి సరిపెట్టుకోవద్దు. పేరు, కంపెనీ, ప్రాక్టీసుకి ఇప్పుడు అర్హత ఉందా, సస్పెన్షన్ ఏమైనా ఉందా, అన్నీ చూడండి. తర్వాత విజిటింగ్ కార్డు మీది నంబర్‌కి కాకుండా, రిజిస్టర్‌లో ఉన్న వివరాలతోనే ఆ మనిషిని సంప్రదించి ‘నా ఫైల్ మీరే చూస్తారా?’ అని అడగండి. వీడియో కాల్‌లో ముఖం చూడనిదే పైసా కట్టకూడదు.

గోడ మీద ఐసీసీఆర్‌సీ (లైసెన్స్‌లు ఇచ్చిన పాత సంస్థ) సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదు. 2021 నవంబర్‌లో ఆ సంస్థ స్థానంలో పైన చెప్పిన కాలేజ్ వచ్చింది.

‘మా బావమరిదికి వాళ్లే చేయించారు’ అన్న మాట, గూగుల్ రివ్యూలు నేను లెక్కలోకే తీసుకోను. బావమరిదికి పాయింట్లు ఉండి వీసా వచ్చి ఉంటుంది. వీసా గ్యారంటీ అన్నవాళ్లనీ, జాబ్ ఆఫర్ అమ్ముతామన్నవాళ్లనీ జాబితాలోంచి కొట్టేయండి. కాగితాల్లో అబద్ధం దొరికితే అయిదేళ్ల నిషేధం పడేది మీకే, ఏజెంట్‌కి కాదు.

మిగిలింది తేలికే. ఆ కన్సల్టెంటే సంతకం చేసిన ఒప్పందం తీసుకోండి. ఫీజు వాయిదాల్లో, బ్యాంకు ద్వారానే కట్టండి. ఐఎంఎం 5476 ఫారంలో ప్రతినిధిగా ఆయన పేరు ఉండాలి. ‘అది అక్కర్లేదు, మీరే పెట్టుకున్నట్టు చూపిద్దాం’ అంటే కట్టిన డబ్బు వెనక్కి అడగండి.