ఒకే స్పెల్లింగ్ కింద ఉన్నది ఒక మాటా, రెండు మాటలా? ఇలా తేల్చుకోండి

ఇంగ్లీష్‌లో ‘బోల్’ అని ఒక మాట ఉంది, స్పెల్లింగ్ బీ ఓ ఎల్ ఈ. అర్థం వెతికితే చెట్టు మాను అని ఉంటుంది, ఎర్రటి మెత్తని బంకమట్టి అనీ ఉంటుంది. చెట్టు పుట్టేది మట్టిలోంచే కదా అని వెంటనే ఒక కథ అల్లేయకండి, అలా అర్థాన్ని బట్టి ఊహిస్తూ పోతే ఏ రెండు మాటలకైనా చుట్టరికం కలిపేయొచ్చు.

ముందు నిఘంటువులో నంబర్లు చూడండి. మంచి నిఘంటువు దీన్ని బోల్ 1, బోల్ 2 అని విడివిడిగా ఇస్తుంది, అంటే రెండూ వేరు మాటలని. తర్వాత, చాలామంది చదవకుండా వదిలేసే పుట్టుక లైను చదవండి. మాను అనే బోల్ పాత నార్స్ (స్కాండినేవియా వాళ్ల పాత భాష) మాట ‘బొల్ర్’ నుంచి వచ్చింది. మట్టి బోల్‌ది గ్రీకు ‘బోలోస్’, అంటే మట్టిగడ్డ, అది లాటిన్ ‘బోలస్’ మీదుగా వచ్చింది.

ఇప్పుడు బంధువుల్ని పట్టుకోండి, అసలు రుచి ఇక్కడే ఉంది. డాక్టర్లు చెప్పే బోలస్ డోస్, అంటే ఒక్కసారిగా ఇచ్చే మందు మోతాదు, మట్టి వైపు చుట్టం. కోటగోడకు వాడే బల్వర్క్, అదే మూలం నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చిన బులవార్డ్ (వెడల్పాటి వీధి), చెట్టు దుంగ వైపువి. మట్టి బోల్ వాడుక కూడా చూడండి: చెక్క మీద బంగారు రేకు అతికే ముందు దీన్నే పూసేవారు, దక్కన్ పీఠభూమిలో లావా గట్టిపడి ఏర్పడిన డెక్కన్ ట్రాప్ నల్లరాతి పొరల మధ్య కనిపించే ఎర్ర పొరల్ని భూగర్భ శాస్త్రవేత్తలు ఇప్పటికీ ‘రెడ్ బోల్’ అనే అంటారు.

ఇదే పద్ధతి మన ‘మాను’ మీద పెట్టండి. చెట్టు మానుకు పాత రూపం మ్రాను, తమిళంలో మరం, కన్నడంలో మర. పుండు మానింది, సిగరెట్ మానేశాడు అన్నప్పటి మాను వేరు, దానికి పాత కన్నడంలో ‘మాణ్’ తోడుంది. రకారం పోయాక రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి, అంతే.

ఒక్క జాగ్రత్త. చెట్టు మొదలును మనం బోదె అని కూడా అంటాం, బోల్‌కి దగ్గరగా ఉంది కదా అని రెంటినీ కలిపేయకండి. ఒక్క పోలిక సాక్ష్యం కాదు, అవే అక్షరాలు అదే తీరులో చాలా మాటల్లో మారి కనిపించాలి. తెలుగు మాటలకు బ్రౌన్ నిఘంటువు చూసి, ఆ తర్వాత బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1984 కూర్పు తెరవండి, రెండూ షికాగో యూనివర్సిటీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.