పడవ కాపురంలో వచ్చే ఇబ్బందులు: లక్షణం, కారణం, మరమ్మతు

కాలువల్లోనూ సముద్ర తీరం వెంబడీ పడవలోనే నివసిస్తూ తిరిగే దంపతులకు మరమ్మతు కూడా వంటపని వంటిదే, రోజూ ఎంతో కొంత ఉంటుంది. ఇంట్లో లోపం ఉన్నచోటే సాధారణంగా లక్షణమూ బయటపడుతుంది. పడవలో ఆ రెండింటి మధ్య దూరం ఎక్కువ. ఇంజన్ వేడెక్కడానికి కారణం నీటి జాలీలో ఉండవచ్చు, పరుపు తడవడానికి కారణం పొయ్యిలో ఉండవచ్చు, ప్రొపెల్లర్ రంగు మారడానికి కారణం రేవులో తీసుకున్న కరెంటు తీగలో ఉండవచ్చు. అందువల్ల పానా చేతిలోకి తీసుకునే ముందు ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, అప్పుడు పడవ నడుస్తోందా ఆగి ఉందా, అంతకుముందు చివరగా దేన్ని విప్పాం లేదా మార్చాం అన్న మూడు విషయాలు కాగితం మీద పెట్టుకోవాలి. ఇద్దరూ విడివిడిగా రాసుకుంటే మరీ మంచిది. చుక్కాని దగ్గర ఉన్నవారు చూసింది వేరు, లోపల ఉన్నవారు విన్నది వేరు, రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే లోపం చోటు తెలిసిన సందర్భాలు మాకు చాలా ఉన్నాయి.

ఇంజన్ వేడెక్కుతోంది

ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతున్నట్టు కనిపించగానే ఒకరు వెనుక వైపు వంగి పొగగొట్టం నుంచి పడే నీటిని చూడాలి. బయటి నీటితో చల్లబడి, ఆ నీటిని పొగతోపాటే వదిలే ఇంజన్లలో అది దఫదఫాలుగా చిమ్ముతూ పడుతుంది. ఆ నీరు తగ్గి ఆవిరి ఎక్కువైతే చల్లబరిచే నీరు లోపలికి అందడం లేదని అర్థం. నీరు మామూలుగానే పడుతూ వేడి మాత్రం పెరుగుతుంటే లోపలి కూలెంటు మట్టాన్ని, వేడిని బట్టి కూలెంటుకు దారి తెరిచే థర్మోస్టాటును, బెల్టు బిగువును చూడాలి. కూలెంటు మూతను మాత్రం ఇంజన్ చల్లారేదాకా తెరవకూడదు.

నీరు అందకపోవడానికి ఎక్కువసార్లు కారణం చెత్తే. కాలువల్లో ఆకులు, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, తీరంలో నాచు, జెల్లీ చేపలు జాలీ బుట్టను మూసేస్తాయి. ఇంజన్ ఆపి, పడవ అడుగున నీటిని లోపలికి తీసుకునే వాల్వును మూసి, బుట్టను విప్పి కడగాలి. తిరిగి బిగించాక వాల్వు తెరవడం మరచిపోయి ఇంజన్ నడిపితే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ తడి లేక నిమిషాల్లోనే పాడైపోతుంది. అందుకే మేము ఆ వాల్వు మూసినప్పుడల్లా ఇంజన్ తాళంచెవిని దాని పిడికే తగిలిస్తాం.

జాలీ శుభ్రంగా ఉండి కూడా నీరు రాకపోతే ఇంపెల్లర్ వంతు. పంపు మీది చిన్న రేకు మూత స్క్రూలు విప్పితే అరచేతిలో ఇమిడే నల్లని రబ్బరు చక్రం బయటికి వస్తుంది. మంచి రెక్కను వేలితో వంచి వదిలితే వెంటనే నిటారుగా లేస్తుంది. పాతబడిన రెక్క వంగినట్టే ఉండిపోతుంది, దాని మొదట్లో వెంట్రుకంత పగులు గోటికి తగులుతుంది. ఒకసారి మా ఇంపెల్లర్‌లో రెండు రెక్కలు లేవు. కొత్తది బిగించాక రెండు రోజులు చక్కగా నడిచి ఇంజన్ మళ్లీ వేడెక్కింది. ఊడిన ముక్కలు నీటితో కొట్టుకుపోయి, బయటి నీరు లోపలి కూలెంటును చల్లబరిచే హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల మూతి దగ్గర అడ్డంపడి ఉన్నాయి. వాటిని పట్టకారుతో తీసి, పాత చక్రం పక్కన పేర్చి చూస్తే ఇంకా చిటికెనవేలి గోరంత ముక్క తక్కువైంది. దాని కోసం మరో గొట్టం విప్పవలసి వచ్చింది. ఊడిన రెక్కలన్నీ లెక్కకు వచ్చేదాకా ఇంపెల్లర్ పని ముగిసినట్టు కాదు.

ఇవన్నీ సరిగా ఉంటే పొగలో నీరు కలిసే మోచేతి వంపును విప్పాలి. అక్కడ మసి, ఉప్పు కలిసి గట్టిపడి దారిని సన్నగిల్లజేస్తాయి. బ్యాటరీలు ఎక్కించడానికని ఇంజన్‌ను గంటల తరబడి తక్కువ వేగంతో నడిపే పడవల్లో ఈ వంపు త్వరగా పూడుతుంది.

అలల్లోకి రాగానే ఇంజన్ ఆగిపోతోంది

కాలువలో నెలల తరబడి మొరాయించని ఇంజన్ సముద్రపు అలల్లోకి వచ్చిన కాసేపటికే ఊగిసలాడి ఆగిపోతే డీజిల్ ట్యాంకు అడుగున ఉన్న మడ్డిని అనుమానించాలి. ట్యాంకులోని ఖాళీలో చేరిన తేమ చల్లబడి, నీరై అడుగుకు దిగుతుంది. ఆ నీరూ డీజిలూ కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు తయారవుతుంది. నిలకడ నీటిలో అది కదలదు, పడవ ఊగినప్పుడు లేచి ఫిల్టరును మూసేస్తుంది. అంటే ఇంజన్ అత్యవసరంగా కావలసిన చోటనే ఈ లోపం బయటపడుతుంది, అందుకే దీన్ని మేము తేలికగా తీసుకోము.

అప్పటికి చేయవలసింది ఫిల్టరు గిన్నె అడుగున ఉన్న మర తిప్పి నీటిని వదలడం, ఫిల్టరు మార్చడం, డీజిల్ గొట్టాల్లో చేరిన గాలిని (ఎయిర్) తీయడం. ఇంజన్ మీది ఫిల్టరు పైనున్న స్క్రూను కొద్దిగా వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు లేని డీజిల్ వచ్చాక బిగించాలి. స్క్రూలు ఎక్కడెక్కడ ఉంటాయో ఇంజన్‌ను బట్టి మారుతుంది కనుక వాటికి ముందే రంగు పూసి పెట్టుకోవాలి. రేవులో కట్టేసి ఉన్న ఒక మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ ఈ పనిని ఒకరి తర్వాత ఒకరు మొదటినుంచి చివరిదాకా చేసి చూసుకోవాలి. అసలు పరిష్కారం ట్యాంకును కడిగించడమే. మందు పోస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని ఆ మడ్డి ట్యాంకులోనే ఉండి మళ్లీ ఫిల్టరుకే వస్తుంది. ఆ తర్వాత ట్యాంకును వీలైనంత నిండుగా ఉంచితే తేమ చేరే ఖాళీ తగ్గుతుంది.

పొగ రంగు మారింది

నల్లని పొగ ఇంజన్‌కు బరువు ఎక్కువైందనో గాలి చాలడం లేదనో చెబుతుంది. దానితోపాటు వేగమూ పడిపోతే ప్రొపెల్లర్‌కు తాడో నాచో చుట్టుకుని ఉంటుంది. దాన్ని తీసేటప్పుడు ఇంజన్ తాళంచెవి ఆ పని చేసేవారి జేబులోనే ఉండాలి. నీలి పొగ ఆయిల్ మండుతున్నదానికి గుర్తు. చల్లని ఇంజన్ నుంచి తెల్లని పొగ కాసేపు వచ్చి ఆగితే చింత లేదు, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే ఇంజెక్టర్లను, కూలెంటు మట్టాన్ని చూపించాలి.

పడవ అడుగున నీరు చేరుతోంది

అది ఏ నీరో ముందు తేలాలి. ఉప్పునీటిలో ఉన్నప్పుడు రెండు చుక్కలు గాజుపలక మీద ఎండనిస్తే సముద్రపు నీరు తెల్లని చారను స్పష్టంగా వదులుతుంది. మంచినీటి కాలువలో ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ మంచినీటి ట్యాంకులో వంటలో వాడే రంగు కొద్దిగా కలిపి, ఒక రోజు ఆగి, అడుగున ఆ రంగు కనిపిస్తుందేమో చూడాలి. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా రాత్రిపూట మంచినీటి పంపు రెండు క్షణాలు గుర్రుమని ఆగుతుంటే గొట్టాల్లో ఎక్కడో కారుతోందని నమ్మవచ్చు.

నీరు బయటిదని తేలితే అది చేరే వేళను గమనించాలి. పడవ నడిచినప్పుడే చేరితే, ప్రొపెల్లర్ షాఫ్టు పడవ దాటి బయటికి పోయే చోట నీరు రాకుండా బిగించిన షాఫ్టు గ్లాండును, కదలకుండా ఉన్నా చేరితే అడుగు వాల్వులను, గొట్టాల క్లిప్పులను, వాన పడినప్పుడే చేరితే కిటికీల అంచులను, పైకప్పు స్క్రూలను చూడాలి. ప్యాకింగు తాడు ఉన్న పాతరకం గ్లాండు నుంచి షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారడం లోపం కాదు, దాన్ని చల్లబరిచేది ఆ చుక్కలే. అవి కూడా ఆగిపోవాలని నట్టును బలంగా బిగిస్తే ప్యాకింగు మాడిపోయి షాఫ్టుకే గాడి పడుతుంది. కొద్దికొద్దిగా బిగించి, అరగంట నడిపి, ఇంజన్ పూర్తిగా ఆపాక గ్లాండు మీద చేయి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరిపోయినట్టు, చేయి నిలవనంత కాలుతుంటే వదులు చేయాలి.

అడుగున నీరు లేకున్నా పంపు ఆగకుండా తిరుగుతుంటే తేలే స్విచ్చు చెత్తలో ఇరుక్కుని ఉంటుంది. నీటిమట్టం కింద ఉన్న ప్రతి వాల్వు పక్కన దాని కొలతకు సరిపోయే మెత్తని చెక్క బిరడాను దారంతో కట్టి ఉంచాలి. గొట్టం ఊడిన క్షణంలో వెతుక్కునే వ్యవధి ఉండదు.

ఉదయానికి బ్యాటరీలు దిగిపోతున్నాయి

12 వోల్టుల సీసపు బ్యాటరీని వాడకం, ఛార్జింగు రెండూ ఆపి కొన్ని గంటలు ఉంచాక 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సగం ఉన్నట్టు, 11.9 చూపితే దాదాపు ఖాళీ అయినట్టు. సగానికి కిందకు మాటిమాటికీ దించితే దాని ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. అందువల్ల 200 ఆంపియర్ అవర్ల బ్యాటరీల్లో నిశ్చింతగా వాడుకోగలిగింది 100 మాత్రమే. ఫ్రిజ్ సగటున 3 ఆంపియర్లు లాగుతుందనుకుంటే ఒక్క రోజుకే 72 ఆంపియర్ అవర్లు పోతాయి. చాలాసార్లు లోపం బ్యాటరీలో కాక ఈ లెక్కలోనే ఉంటుంది.

లెక్క సరిపోయినా దిగిపోతుంటే, ఇంజన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్ దగ్గరా బ్యాటరీ దగ్గరా వోల్టేజిని వేరువేరుగా కొలవాలి. మొదటిచోట 14.2, రెండోచోట 13.5 వస్తే 0.7 వోల్టు మధ్యలోని పచ్చబడిన లగ్గుల్లో (తీగ కొసలకు బిగించే లోహపు ముక్కల్లో), సన్నని తీగలో పోతోంది. లగ్గులు విప్పి, మెరిసేదాకా గీకి, బిగించి మళ్లీ కొలవాలి. ఇంజన్ స్టార్టు చేసే బ్యాటరీని ఇంటి వాడకానికి ఎన్నడూ కలపకూడదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు మారేవారు వాటిని 0 డిగ్రీల కంటే చలిలో ఛార్జి చేయకూడదని గుర్తుంచుకోవాలి.

నీటి అడుగు లోహాలు అరిగిపోతున్నాయి

ఇత్తడి భాగాలు, జింకు కలిసిన కంచు భాగాలు గులాబీ రంగుకు తిరిగితే వాటిలోని జింకు కరిగిపోతున్నట్టు. వాటికి బదులుగా తాను కరగడానికి అమర్చే యానోడు అరిగిపోయి ఉండవచ్చు, లేదా ఆ నీటికి తగనిది అయి ఉండవచ్చు. ఉప్పునీటికి జింకు, మంచినీటికి మెగ్నీషియం, రెండూ కలిసే నదీముఖాలకు అల్యూమినియం తగినవి. మంచినీటిలో ఎక్కువ కాలం ఉన్న జింకు మీద పొర గట్టిపడి, అది చూడటానికి కొత్తదిలా ఉంటూనే పని మానేస్తుంది. సగం కరిగిన యానోడును మార్చేయాలి. రేవు కరెంటుకు కలిపినప్పుడే అరుగుదల పెరిగితే, ఎర్తు తీగ మన పడవను పక్క పడవలతో కలుపుతున్నందున, ఆ తీగ గుండా పారే చిన్న కరెంటును అడ్డుకునే గాల్వానిక్ ఐసొలేటరు పెట్టించుకోవాలి.

పరుపు కింద తడి, ఇద్దరికీ తలనొప్పి

ఈ రెండింటినీ ఒకచోట చెప్పడానికి కారణముంది. ఒక కిలో వంటగ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరిగా గదిలోకి వస్తుంది. దానికి ఇద్దరి ఊపిరి తోడై, పరుపు కింది చల్లని చెక్కకు తగిలి నీరవుతుంది. పరుపు ఎత్తి చూస్తే నల్లని చుక్కలు కనిపించేది అందుకే. పరుపు కింద గాలి ఆడే పట్టీలు వేసి, వంట చేస్తున్నంతసేపూ పై మూత తెరిచి ఉంచితే తడి తగ్గుతుంది. చలికి ఓర్వలేక గాలి దారులకు గుడ్డలు కుక్కినవారికి తడి కంటే పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. గాలి చాలక మండే పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, మగత కలిగి, బయటికి వెళ్లగానే తగ్గితే దాన్నే అనుమానించి, ఇద్దరూ వెంటనే బయటికి వచ్చి, వైద్య సహాయం కోరాలి. కారణం వెతకడం ఆ తర్వాతి పని. పొయ్యిని చలి కాచుకోవడానికి వాడకూడదు, పడక దగ్గర అలారం తప్పనిసరిగా ఉండాలి.

వంటగ్యాస్ గాలికంటే బరువైనది కనుక కారితే పడవ అడుగున పేరుకుంటుంది. ఆ వాసన వస్తే ఏ స్విచ్చునూ, అడుగు పంపు స్విచ్చును కూడా, ముట్టుకోకుండా సిలిండరు వాల్వు మూసి, పడవ మూతలన్నీ తెరవాలి.

లంగరు జారుతోంది

పడవ గాలికి తిరుగుతోందా, లంగరే జారుతోందా అని తేల్చడానికి ఒడ్డున పక్కవైపు ఒకే వరుసలో కనిపించే రెండు గుర్తులు పెట్టుకోవాలి. గొలుసు మీద చేయి పెడితే గరగరమని అదురు తెలిస్తే జారుతున్నట్టే. సర్వసాధారణమైన కారణం గొలుసు చాలకపోవడం. లోతు 3 మీటర్లు, పడవ ముందు కొన ఎత్తు 1 మీటరు, రాబోయే పోటు 2 మీటర్లు అయితే లెక్కకు తీసుకోవలసింది 6 మీటర్లు. గొలుసుకు దానికి 5 రెట్లు, అంటే 30 మీటర్లు వదలాలి, తాడైతే 7 రెట్లు కావాలి. లోతును మాత్రమే చూసి 15 మీటర్లు వదిలినవారికి పోటు నిండేసరికి మిగిలేది రెండున్నర రెట్లే. లంగరు వేశాక ఇంజన్‌తో మెల్లగా వెనక్కి లాగి, అది దిగబడిందని చూసుకున్నాకే పడుకోవాలి.

పడవ మేటలో ఇరుక్కుంది, లాకులో వేలాడుతోంది

నీరు పెరుగుతుంటే ఓపిక పడితే చాలు. తగ్గుతుంటే వచ్చిన దారినే వెంటనే వెనక్కి లాగాలి, ఎందుకంటే ఆటు మూడో, నాలుగో గంటల్లో నీరు అన్నిటికంటే వేగంగా దిగిపోతుంది. అమావాస్య, పౌర్ణమి పోట్ల శిఖరాన మేటలో ఇరుక్కున్న పడవకు అంతటి నీరు మళ్లీ రావడానికి రెండు వారాలు పట్టవచ్చు. బయటపడ్డాక జాలీ బుట్ట కడగడం మరవకూడదు, వెనక్కి లాగినంతసేపూ పంపు బురదనే తాగి ఉంటుంది.

లాకులో దిగేటప్పుడు తాడును ముడివేస్తే నీరు తగ్గేకొద్దీ పడవ దాని మీదే వేలాడుతుంది. గుంజకు ఒక చుట్టు వేసి కొసను చేత్తో పట్టుకుని వదులుతూ ఉండాలి. పై తలుపు అడుగున ఉన్న గట్టు మీద పడవ వెనుక భాగం ఆనకుండా ముందుకు జరిగి ఉండాలి. ఏది ఇరుక్కున్నా మొదట తూములు మూయించాలి, మిగతా ఆలోచన తర్వాత.

ఒకరి మాట ఒకరికి అందడం లేదు

లంగరు దగ్గర ఒకరు, చుక్కాని దగ్గర ఒకరు నిలబడి కేకలు వేసుకోవడం చూసి దాన్ని కోపమనుకుంటారు. ఎక్కువసార్లు అది ఇంజన్ చప్పుడూ ఎదురుగాలీ చేసిన పని. ముందుకు, వెనక్కి, న్యూట్రల్, ఆపు అన్న నాలుగింటికి చేతి సైగలు ఒడ్డునే ఖాయం చేసుకుంటే కేకల అవసరం రాదు. ఇంతకంటే లోతైన లోపం, పనులు ఎప్పటికీ ఒకరి చేతిలోనే ఉండిపోవడం. నీటిలో పడినది పడవ నడిపే మనిషే అయితే మిగిలినవారు ఒంటరిగా పడవను తిప్పి, ఆపి, పైకి తీయాలి. వారంలో ఒక రోజు పూర్తిగా పనులు మార్చుకోవాలి. ప్రశాంతమైన నీటిలో ఒక తేలే డబ్బాను విసిరి, ఒకరే దాన్ని తిరిగి అందుకునేలా అభ్యాసం చేయాలి, రెండోవారు మాట సాయం కూడా చేయకూడదు. పడవలో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో పక్కన ఆపదలో పిలిచే 16వ ఛానల్, పడవ పేరు, మనమున్న చోటును ఎక్కడ చూసి చదవాలి, ఏ వరుసలో చెప్పాలి అన్నవి రాసిన అట్టను అంటించాలి, దాన్ని రేడియో తక్కువగా వాడేవారే తమ చేతిరాతతో రాయాలి.