కౌంటీ ఫైర్ సర్వీస్ చరిత్ర రాయాలంటే టోపీ బిళ్ళతో మొదలుపెట్టండి

మా నాన్న విజయవాడలో ఫైర్‌మన్. ఇంగ్లండ్‌లో లెమింగ్టన్‌కి వచ్చాక ఇక్కడి వారిక్‌షైర్ ఫైర్ సర్వీస్ కథ రాయాలని కూర్చున్నాను. వారిక్‌షైర్ ఒక కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. ఆరు నెలలు తప్పుదారిలో తిరిగాను. మీరు ఏ కౌంటీలో ఉన్నా ఆ ఆరు నెలలు మీకు మిగలాలి.

"ఏ సంవత్సరంలో పుట్టింది?" అని వెతకొద్దు. నేను చేసిన తప్పు అదే. చేతికందే వస్తువు ఒకటి పట్టుకోండి. పక్కింటి పెద్దాయన వాళ్ళ నాన్న టోపీ బిళ్ళ తెచ్చి చూపించారు. ఎనిమిది మొనల నక్షత్రం, మధ్యలో ఎన్.ఎఫ్.ఎస్. అక్షరాలు, తోమితోమి అంచులు అరిగిపోయాయి. ఆ అక్షరాలతోనే కాలం తేలిపోయింది. నేషనల్ ఫైర్ సర్వీస్ ఉన్నది 1941 ఆగస్టు నుంచి 1948 మార్చి దాకానే.

అంతకుముందు ఏ ఊరి బ్రిగేడ్ ఆ ఊరిదే. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డ రాత్రుల్లో పొరుగూళ్ళ నుంచి పరిగెత్తుకొచ్చినవాళ్ళ గొట్టాలు చాలాచోట్ల స్థానిక హైడ్రంట్లకు, అంటే మంటలార్పే నీటి కోసం వీధుల్లో పెట్టిన కొళాయిలకు, పట్టేవి కావు. గొట్టాన్ని బిగించే కప్లింగుల కొలతలు వేరు. నాన్న స్టేషన్‌లో కప్లింగు టక్కున పడే చప్పుడు వింటూ పెరిగినదాన్ని, అది చదివిన రోజు నిద్ర పట్టలేదు. అన్నిటినీ ఒకే సర్వీసు కిందికి తేవడానికి ఇలాంటి ఇబ్బందులే కారణం.

తర్వాత రెండు తేదీలు గోడకు అంటించుకోండి. 1948 ఏప్రిల్ 1: సర్వీసులు కౌంటీల, పెద్ద పట్టణాల చేతికి వచ్చాయి. 1974 ఏప్రిల్ 1: సరిహద్దులు మారాయి. కోవెంట్రీ నగరం వెస్ట్ మిడ్‌లాండ్స్ అనే కొత్త కౌంటీలోకి వెళ్ళిపోయింది. అందుకే కోవెంట్రీ మీద బాంబులు కురిసిన 1940 నవంబర్ 14 రాత్రి గురించి వారిక్‌లోని కౌంటీ రికార్డ్ ఆఫీసులోనే వెతికితే చాలదు, కోవెంట్రీ ఆర్కైవ్స్‌కీ వెళ్ళాలి.

ఆర్కైవ్స్‌లో ముందు ఫోటోలు అడగకండి, కౌన్సిల్ ఫైర్ కమిటీ మినిట్స్, అంటే సమావేశాల్లో రాసుకున్న నోట్లు, అడగండి. గొట్టాలు, జీతాలు, బూట్ల గొడవలు ఉండేది అక్కడే. పెన్సిల్ తీసుకెళ్ళండి, పెన్ను లోపలికి రానివ్వరు. ప్రతి కాగితం ఫైల్ నంబర్ అప్పుడే రాసుకోండి.

రిటైరైనవాళ్ళతో మాట్లాడేటప్పుడు ప్రశ్నల జాబితా వద్దు. పాత స్టేషన్ ఫోటో ఒకటి చేతిలో పెట్టి ఊరుకోండి, వాళ్ళే చెప్తారు. 2007 నవంబర్ 2న ఆథర్‌స్టోన్-ఆన్-స్టౌర్‌లో కూరగాయల గోదాము కాలినప్పుడు నలుగురు ఫైర్‌ఫైటర్లు చనిపోయారు. ఆ మాట మీరు ఎత్తకండి. వాళ్ళే ఎత్తితే, ముందు రికార్డర్ ఆపేయండి.