పిల్లి తినడం మానేసినా, తిన్నది కక్కేసినా: లక్షణాన్ని బట్టి ఏం చేయాలి

కడుపులో బాగాలేని కుక్క వచ్చి కాళ్ళ దగ్గర మూలుగుతుంది. పిల్లి అలా కాదు, బీరువా వెనక్కో మంచం కిందికో వెళ్ళి ముడుచుకుంటుంది. అందుకే దాని మొహం కంటే దాని గిన్నె, దాని ఇసుక ట్రే ఎక్కువ నిజం చెబుతాయి. ఏ సమస్య వచ్చినా ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: చివరిసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు నీళ్ళు తాగింది, ఎప్పుడు మూత్రం పోసింది, ఎప్పుడు మలవిసర్జన చేసింది. రోజుల్లో కాదు, గంటల్లో రాయండి. "మొన్నటి నుంచి కొంచెం నలతగా ఉంది డాక్టర్ గారూ" అంటే ఆయనకు ఏమీ చెప్పనట్లే.

గిన్నె దాకా వస్తుంది, వాసన చూసి వెళ్ళిపోతుంది

అంటే ఆకలి ఉంది, తినడానికి ఏదో అడ్డం వస్తోంది. మొదట గిన్నెనే అనుమానించండి. చీమలు పట్టాయా? నిన్నటి మిగులు అడుగున ఎండిపోయి ఉందా? ఇసుక ట్రే పక్కనే గిన్నె పెట్టారా? చీమలకు మన పాత ఉపాయమే చాలు, నీళ్ళు పోసిన పళ్ళెంలో గిన్నె నిలపండి.

గిన్నెలో తప్పు లేకపోతే ముక్కు చూడండి. తినాలా వద్దా అన్నది పిల్లి చాలావరకు వాసనను బట్టే తేల్చుకుంటుంది. జలుబుతో ముక్కు మూసుకుపోతే ఎదురుగా చేప ఉన్నా అది తిండిలా తోచదు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూదితో ముక్కు తుడవండి. వేడినీళ్ళ ఆవిరి నిండిన స్నానాల గదిలో పది పదిహేను నిమిషాలు దాన్ని పక్కన పెట్టుకుని కూర్చోండి. నీళ్ళలో నీలగిరి తైలం గానీ కర్పూరం కలిసిన బాములు గానీ వేయవద్దు, అవి పిల్లికి విషం. తిండిని దాని ఒంటి వేడికి, అంటే దాదాపు 38 డిగ్రీలకు వెచ్చబెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెట్ ఫుడ్‌ను వేడినీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచితే సరిపోతుంది. సగం పిల్లులు ఈ ఒక్క పనితోనే తిండి దగ్గరికి తిరిగి వస్తాయని నా అనుభవం.

నోరు మూడోది. గింజ నోట్లోకి తీసుకుని కింద పడేస్తోందా, ఒక పక్కనే నములుతోందా, చొంగ కారుస్తోందా, నోటి నుంచి దుర్వాసన వస్తోందా? చిగుళ్ళ వాపు, పాచి, పుచ్చిన పన్ను కావచ్చు. దీనికి ఇంట్లో మందు లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేలోపు డ్రై ఫుడ్‌ను నీళ్ళలో నానబెట్టి పెట్టండి.

ఒక రోజంతా ఏమీ ముట్టలేదు

లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. వాళ్ళు అన్నది మనుషుల గురించి. పిల్లి విషయంలో ఈ మాట ప్రాణాల మీదికి తెస్తుంది.

తిండి ఆగిపోతే పిల్లి శరీరం తన కొవ్వును కరిగించి కాలేయానికి పంపుతుంది. ఆ కొవ్వును అంత వేగంగా వాడుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. అది అక్కడే పేరుకుని కాలేయం దెబ్బతింటుంది. రెండు మూడు రోజుల ఉపవాసంతోనే ఇది మొదలుకావచ్చు. చిత్రమేమిటంటే బక్క పిల్లి కంటే బొద్దు పిల్లికే ప్రమాదం ఎక్కువ. "దానికి ఒళ్ళుంది, రెండు రోజులు తినకపోతే ఏం కాదులే" అన్న మాట ఎక్కడ విన్నా నాకు గుండె జారుతుంది. చెవి లోపలి చర్మం, చిగుళ్ళు, కంటి తెల్లభాగం పసుపు రంగుకు తిరిగాయంటే ఇప్పటికే ఆలస్యమైంది.

కాబట్టి లెక్క ఇది. పెద్ద పిల్లి 24 గంటలు ఏమీ తినకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. పాలు మరిచిన చిన్న పిల్లిపిల్ల అయితే 12 గంటలే గడువు. నోరు తెరిచి సిరంజితో బలవంతంగా పోయవద్దు, వికారంతో ఉన్న పిల్లికి అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పెదాలు నాక్కోవడం, ఊరికే గుటకలు మింగడం వికారానికి గుర్తులు. డాక్టర్ వికారం తగ్గే మందు, ఆకలి పుట్టించే మందు ఇస్తారు. అవసరమైతే కొన్ని రోజులు గొట్టం ద్వారా ఆహారం పంపుతారు. గొట్టం అనగానే బెంబేలు పడకండి, కాలేయం పాడైన పిల్లులను బతికించేది ఎక్కువగా అదే.

తిన్న ఐదు నిమిషాల్లో, తిన్నది తిన్నట్లే బయటికి

గింజలు నమిలిన ఆనవాలు లేకుండా గొట్టం ఆకారంలో పడితే ఆత్రంగా మింగిందని అర్థం. ఇంట్లో రెండో పిల్లి ఉంటే చాలావరకు పోటీయే కారణం. వేర్వేరు గదుల్లో పెట్టండి. లోతు గిన్నె మానేసి వెడల్పు పళ్ళెంలో గింజలను పలచగా పరచండి. రెండు పూటల తిండిని నాలుగైదు సార్లకు విడగొట్టండి. వారంలోపు తగ్గకపోయినా, పొట్ట ఎగరేస్తూ పసుపు నీళ్ళు కక్కుతున్నా, తాగిన నీళ్ళు కూడా నిలవకపోయినా కథ వేరు, పరీక్ష చేయించాలి.

వెంట్రుకల ఉండలు పర్షియన్ జాతి పిల్లులున్న ఇళ్ళలో మామూలే. ఎప్పుడో ఒకసారి పడితే బెంగ లేదు. రోజూ దువ్వండి, అంతకు మించిన మందు లేదు. ఉండ బయటికి రాకుండా మెడ చాచి, నేలకు ఒరిగి దగ్గుతున్నట్లు చేస్తే మాత్రం అది కడుపు సమస్య కాకపోవచ్చు. పిల్లులకు ఉబ్బసం కూడా అలాగే కనిపిస్తుంది. ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి.

దారం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మా ఇంట్లో శుక్రవారం పూజ తర్వాత వాడిన మల్లెదండ ఒకటి చెత్తబుట్టలో పడింది. మర్నాడు మా గోధుమరంగు పిల్లి ఒకటే వాంతులు, తిండి లేదు. నోరు తెరిచి చూస్తే నాలుక కింద దారం చుట్టుకుని ఉంది, రెండో కొస ఎక్కడో కడుపులో. లాగబోయిన నా చేతిని మా అమ్మ పట్టుకుంది. ఆమె ఎందుకు ఆపిందో ఆమెకే తెలియదు గానీ, సరిగ్గా అదే చేయాల్సిన పని. దారం ఒక చోట చిక్కుకుంటే పేగు దాని మీదికి కుచ్చిళ్ళలా ముడుచుకుపోతుంది. పైనుంచి గానీ వెనకనుంచి గానీ లాగితే ఆ దారమే పేగును రంపంలా కోస్తుంది. వేలాడుతున్న కొసను ముట్టుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, చాలావరకు ఆపరేషన్ తప్పదు. దండల దారాలు, కుట్టుమిషన్ దారం, సంక్రాంతి నాళ్ళలో మాంజా పిల్లికి అందకుండా చూడండి.

విరేచనాలు

తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలు చూడగానే పారిపోయిందని కథ. ఆ సభలో ఆరోగ్యంగా బతకగల పిల్లి అదొక్కటే అని నా అభిప్రాయం. తల్లిపాలు మానాక చాలా పిల్లుల్లో పాలచక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగులో పులిసి, నీళ్ళను లాగి విరేచనాలవుతాయి. కళ్ళు మూసుకుని తాగే ఆ పాలు కొవ్వు కోసమే తప్ప తీపి కోసం కాదు. పిల్లికి తీపి రుచే తెలియదని, ఆ రుచిని పట్టే జన్యువు దానిలో పని చేయదని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. పాలు ఆపి మూడు రోజులు చూడండి.

రెండో కారణం ఉన్నట్టుండి తిండి మార్చడం. కొత్తదాన్ని పాతదానిలో పావు వంతుతో మొదలుపెట్టి ఏడు నుంచి పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. మూడోది పురుగులు. తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే బద్దెపురుగు ముక్కలు. బొచ్చులో గెంతే పురుగులను పిల్లి నాకి మింగడం వల్ల అవి వస్తాయి కాబట్టి రెండింటికీ కలిపి మందు వేయాలి. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ మందు మాత్రం పిల్లికి రాయకూడదు, చంపేస్తుంది.

పెద్ద పిల్లి హుషారుగా ఉండి మలం పలచగా మాత్రమే వస్తుంటే ఒకటి రెండు రోజులు ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చర్మం తీసిన కోడిమాంసం కొంచెం కొంచెంగా పెట్టండి, నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. రక్తం కనిపించినా, వాంతులు తోడైనా ఆగవద్దు. టీకా వేయని పిల్లిపిల్లకు వాంతులు, విరేచనాలు, నీరసం కలిసి వస్తే పాన్‌ల్యుకోపీనియా కావచ్చు. అది గంటల్లో ముదిరే వైరస్ జబ్బు.

ట్రేలో కూర్చుని ముక్కుతోంది, ఏమీ రావడం లేదు

మలబద్ధకం అనుకునే ముందు ఒక్క ప్రశ్న: అది మగ పిల్లా? అయితే ఇసుకలో తడి ఉందో లేదో చూడండి. మగ పిల్లి మూత్రనాళం సన్నం, అందులో ఇసుకలాంటి రవ్వలు గానీ గడ్డ గానీ అడ్డుపడితే చుక్క కూడా రాదు. చూసేవాళ్ళకు అచ్చం మలబద్ధకంలాగే ఉంటుంది. పొద్దున్నే చూద్దాంలే అనుకుంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రి అయినా బయలుదేరండి.

మూత్రం బాగానే వస్తూ రెండు రోజులుగా మలం లేకపోతే అప్పుడు మలబద్ధకం. ముఖ్య కారణం నీళ్ళు చాలకపోవడం. డ్రై ఫుడ్‌లో తేమ పది శాతం దరిదాపుల్లో ఉంటుంది, వెట్ ఫుడ్‌లో 75 శాతం పైనే. వెట్ ఫుడ్‌కు మారండి, రెండు మూడు చోట్ల నీళ్ళు పెట్టండి. ఉడికించిన తీపి గుమ్మడికాయ గుజ్జు చెంచాడు తిండిలో కలపవచ్చు. మెడికల్ షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనీమా మాత్రం మనుషులకే, పిల్లికి ప్రాణాంతకం.

బాగా తింటుంది, చిక్కిపోతోంది

చిన్నదైతే పురుగులు. పదేళ్ళు దాటినదైతే థైరాయిడ్ లేదా మధుమేహం, రక్తపరీక్షతో తెలుస్తుంది.

పెరుగన్నం తిని పెరిగిన పిల్లి

చాలా ఇళ్ళలో పిల్లి ఏళ్ళ తరబడి అదే తింటుంది, బతుకుతుంది కూడా, బయట ఎలుకలు, బల్లులు పట్టుకుంటుంది కాబట్టి. అపార్ట్‌మెంట్ తలుపులు మూసేసిన పిల్లికి ఆ దారి లేదు. మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం దానికి రోజూ అందాలి, తనకు చాలినంత తయారు చేసుకోలేదు. టారిన్ లోపంతో పిల్లుల గుండె కండరం బలహీనపడుతుందని, టారిన్ ఇస్తే కోలుకుంటుందని 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ పశువైద్యులు చూపించారు. చేపలపులుసులో అన్నం కలిపి పెడితే మాంసం పెట్టినట్లు కాదు. పైగా ఆ పులుసులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి పిల్లి ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. పచ్చిచేపలు మాత్రమే పెడితే బి1 విటమిన్ లోపం వస్తుంది.

ఇంట్లో మందుల డబ్బా

మూసి ఉంచండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లిని చంపగలదు. దాన్ని విరిచేసే యంత్రాంగం పిల్లి కాలేయంలో లేదు, కాబట్టి సగం ముక్క, పావు ముక్క అన్న బేరం పనికిరాదు. మనుషులకు విరేచనాలు ఆపే మాత్రలూ వద్దు. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీని ఇంట్లోకే రానీయకండి, పుప్పొడి నాకినా మూత్రపిండాలు పాడవుతాయి. మనం దండల్లో లిల్లీ అని పిలిచే నేలసంపెంగ వేరే జాతి.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మలం కొంచెం శుభ్రమైన డబ్బాలో, వాంతి ఫొటో ఫోన్‌లో, మొదట రాసుకున్న గంటల కాగితం జేబులో ఉండాలి. చిన్న ఊళ్ళలో పశువైద్యులు ఎక్కువగా గేదెలను, ఆవులను చూస్తారు, కాబట్టి పిల్లులను చూస్తారో లేదో ముందే ఫోన్‌లో అడగండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలు దగ్గరలో ఉన్నవాళ్ళు అక్కడి ఆసుపత్రులను అడగవచ్చు. బుట్ట లేకపోతే జిప్పు ఉన్న సంచిలో కాస్త సందు వదిలి, దాని పాత తువ్వాలు పరిచి తీసుకెళ్ళండి. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మాత్రం వెళ్ళకండి, హారన్‌కు బెదిరి దూకిన పిల్లి దొరకడం కష్టం.