మట్టి లేని సాగు – 5వ పాఠం: నీటిలో ఉన్న వేరుకు ఊపిరి ఎక్కడిది?

పోయిన పాఠంలో పోషక ద్రావణం కలపడం చూశాం. ఈపాటికి మీ డాబా మీద ఇరవై లీటర్ల తొట్టి, దాని మూతకు ఆరు రంధ్రాలు, రంధ్రానికో జాలీ కప్పు, అందులో కొబ్బరి పొట్టు, పాలకూర మొలక తయారై ఉంటాయి. ఈ వారం మూత ఎత్తి చూడడం నేర్చుకుందాం.

నిరుడు ఏప్రిల్‌లో నేను ఎత్తి చూడలేదు. పాలకూర మధ్యాహ్నం తలవాల్చి, పొద్దుగూకేసరికి మళ్లీ లేచేది. ఎండ దెబ్బ అనుకున్నాను. నాలుగో రోజు సాయంత్రమైనా లేవలేదు. నీరు తగ్గిందని తొట్టి అంచుదాకా పోశాను. పీహెచ్ (నీటి పులుపు కొలత) 6, ఈసీ (నీటిలో కరిగిన లవణాల కొలత) 1.6 చూపుతున్నాయి, అంటే మీటర్ల లెక్కలో నా తోట పచ్చగా ఉంది. ఆరో రోజు మూత తీస్తే మురుగు కాలవ వాసన కొట్టింది. ఒక వేరును రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగితే పైతొక్క జిగురుగా ఊడి వేళ్లకు అంటుకుంది. లోపలి నార మాత్రం దారప్పోగులా మిగిలింది.

దీన్ని వేరుకుళ్లు తెగులు అంటారు. పిథియం అనే సూక్ష్మజీవి దీనికి ముఖ్య కారణం. దాని బీజాలు నీటిలో ఈదగలవు కాబట్టి తొట్టిలో ఒక మొక్కకు సోకితే మిగతా అయిదింటికీ దారి తెరిచినట్టే. అయితే తప్పంతా పిథియం మీదికి నెట్టడం నాకిష్టం లేదు. ఊపిరాడుతున్న వేరును పట్టుకోవడం దానికి కష్టం. ముందు వేరు ఉక్కిరిబిక్కిరి అయింది, తర్వాతే అది లోపలికి వచ్చింది.

మరి వరి నెలల తరబడి నీటిలోనే నిలబడుతుంది కదా, దానికి లేని బాధ పాలకూరకెందుకు? వరి మొక్క ఒంటి నిండా గాలి గొట్టాలే. ఆకు పీల్చిన గాలి కాండం మీదుగా వేరు కొసదాకా దిగుతుంది. పాలకూరకు, లెట్యూస్‌కు, టమాటాకు అంత ఏర్పాటు లేదు. వాటి వేర్లు నీటిలో కరిగిన ఆక్సిజన్‌నే పీల్చుకోవాలి.

ఆ నిల్వ ఎంత? 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో మహా అయితే 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది 7.5కి పడిపోతుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ అసలు చిక్కు మరోవైపు ఉంది. నీరు పది డిగ్రీలు వేడెక్కితే వేరు ఊపిరి వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు రెట్టింపయిన ఇల్లు ఎలా ఉంటుందో ఆ తొట్టి అలా ఉంటుంది. పైగా వెచ్చని నీరంటే పిథియంకు పండగ. అందుకే నేను రోజూ మొదట చూసేది పీహెచ్ కాదు, నీటి వేడి. 18 నుంచి 22 డిగ్రీలుంటే చాలా మంచిది, 25 దాటితే కనిపెట్టి ఉండాలి, 28 దాటితే వెంటనే ఏదో ఒకటి చేయాలి.

ఏం చేయాలి? మొదటిది నీడ. తొట్టిని కాలిన శ్లాబు మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీదికి ఎత్తండి. బయట తెల్ల రంగు వేయండి. చుట్టూ తడి గోనెసంచి కట్టి, అది ఆరకుండా చూడండి. మట్టికుండలో నీరు చల్లబడే సూత్రమే ఇది. తెలంగాణ, రాయలసీమల పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉక్కపోత రోజుల్లో తడి ఆరదు కాబట్టి గోనెసంచి మీద అంత ఆశ పెట్టుకోవద్దు. ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన నీళ్ల సీసాను మధ్యాహ్నం తొట్టిలో వేయడం అక్కడ నయం.

ఇక గాలి. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో తెడ్ల చక్రాలు నీటిని చిమ్ముతూ తిరగడం చూసే ఉంటారు. చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపు మీకు అదే పని చేస్తుంది. బుడగల్లోని గాలి కరగడం కొంతే. బుడగలు పైకొస్తూ నీటిని తిరగేసి, కొత్త నీటిని గాలికి తగిలించడమే ఎక్కువ మేలు. పంపును నీడలో, నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం గుండా వెనక్కి వచ్చి పంపును పాడు చేస్తుంది.

రొయ్యల రైతుకు తెల్లవారుజామంటే భయం. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచు రాత్రంతా దాన్ని తాగేస్తుంది. మీ తొట్టిలోకి వెలుతురు దూరితే అదే నాచు పుడుతుంది. ఖాళీగా ఉన్న రంధ్రాలు కూడా మూసేయండి.

నీటికీ మూతకూ మధ్య రెండు మూడు వేళ్ల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో పెరిగే వేర్లకు తెల్లని నూగు వస్తుంది, అవి గాలినే పీల్చుకుంటాయి. పంపు ఆగినా కొన్ని గంటలు మొక్కను కాపాడేది అవే. వాటిని మళ్లీ ముంచితే చచ్చిపోతాయి. నిరుడు నేను అంచుదాకా పోసిన బిందెడు నీళ్లే నా పాలకూరకు చివరి దెబ్బ.

ఇప్పుడు నీటి సంగతి. మీది బోరు నీరా? సబ్బు నురగ రాకపోవడం, పప్పు ఓ పట్టాన ఉడకకపోవడం, బకెట్టుకు తెల్లని పొర కట్టడం కనిపిస్తే కఠిన జలమని మీకే తెలిసిపోతుంది. ఇలాంటి నీటిలో సాయంత్రం పీహెచ్ 5.8కి దించితే తెల్లారేసరికి 7 చూపుతుంది. చాలామంది ఇక్కడే మీటరును తిడతారు. వంటసోడా కలిపిన గ్లాసులో నిమ్మకాయ పిండి చూడండి. బుసబుసమని పొంగుతుంది గానీ పులుపు తెలియదు. సోడా అంతా అయిపోయాకే నాలుకకు పులుపు తగులుతుంది. బోరు నీటిలో ఉన్నవీ ఆ సోడా జాతి బైకార్బనేట్లే. అవి ఖర్చయ్యేదాకా మీరు పోసిన ఆమ్లం నిలవదు. కాబట్టి పోషకాలు కలపకముందే ఉత్త నీటికి ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలుగా వేసి, రాత్రంతా గాలి పంపు నడిపి, పొద్దున మళ్లీ చూసి సరిదిద్దండి. ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే ఆకుకూరలకు చాలు. 5.8 దగ్గరే నిలబెట్టాలని రోజుకు మూడుసార్లు ఆమ్లం పోసేవాళ్లను చూశాను. ఆ కుదుపులే వేరుకు ఎక్కువ చేటు.

ఈసీ మీటరు నీటిలో ఎంత లవణం ఉందో చెబుతుంది, ఏ లవణమో చెప్పదు. మీ బోరు నీటి ఈసీయే 1.2 ఉంటే, 1.6 చేరేదాకా పోషకాలు కలిపినా మొక్కకు దక్కేది 0.4 మాత్రమే. ఆర్వో నీరు 0.1 ఉందనుకోండి, సగం సగం కలిపితే 0.65కి వస్తుంది, అప్పుడు పోషకాలకు చోటు దొరుకుతుంది. వానకాలంలో డాబా నీరు పట్టుకోగలిగితే ఆర్వో ఖర్చు కూడా ఉండదు. అపార్టుమెంట్లలో ఉప్పు బస్తాలు పోసి నడిపే సాఫ్టనర్ నీరు మాత్రం వద్దు. అది కాల్షియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. బట్టలకు హాయి, మొక్కకు విషం. ఈసీ అంతే ఉంటుంది కాబట్టి మీటరు మిమ్మల్ని హెచ్చరించదు.

తొట్టిలో నీరు తగ్గి ఈసీ పెరిగితే మొక్క ఎరువు కంటే నీరు ఎక్కువ తాగిందని అర్థం. ఉత్త నీరు కలపండి. ఈసీ తగ్గితే ఆకలిగా ఉంది, ద్రావణం కలపండి. రెండు వారాలకోసారి మొత్తం పారబోసి కొత్తది నింపండి. పాత నీరు పెరట్లో జామచెట్టుకు పోయవచ్చు.

వేరు గోధుమ రంగుకు తిరిగిందని వెంటనే కంగారు పడవద్దు. హ్యూమిక్ ఆమ్లం, సముద్రపు నాచు సారం వాడితే వేర్లకు రంగు పడుతుంది. వేళ్లతో పట్టి లాగి, వాసన చూడండి. గట్టిగా ఉండి దుర్వాసన లేకపోతే అది రంగే. తొక్క ఊడిందా, ఆ మొక్కను తీసి పారేయండి. మిగతావాటి కుళ్లిన వేర్లు కత్తిరించి, తొట్టిని బ్లీచింగ్ నీటితో కడిగి, మూడుసార్లు మంచినీటితో తొలిచి, సగం గాఢత ద్రావణం చల్లగా నింపండి. వేర్లు తగ్గిన మొక్క పూర్తి గాఢతను మోయలేదు. ముదురు ఆకులు కోసి వండుకోండి, దాని బరువూ తగ్గుతుంది.

ఈ వారం పని: నోటుపుస్తకంలో ఒక పేజీ గీసుకోండి. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి నీటి వేడి రాయండి. ఒకే వేరును, ఒకే చోట, రోజూ ఫోనుతో ఫోటో తీయండి. ఆరు మొక్కల్లో ఒకదాని కప్పుకు దారం కట్టి గుర్తు పెట్టుకుంటే ఏ వేరును తీశారో మర్చిపోరు. వేరు చూసిన చేతిని కడుక్కున్నాకే పక్క తొట్టి మూత ఎత్తండి.