హార్ఫ్‌బజ్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేసి తెలుగు వత్తులతో టెస్ట్ చేయడం ఎలా?

ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్‌లలో మన వత్తుల్ని ఏ అక్షరం కింద కూర్చోబెట్టాలో చూసేది హార్ఫ్‌బజ్ లైబ్రరీయే. లైనక్స్, మ్యాక్, విండోస్ మూడిట్లోనూ బిల్డ్ పద్ధతి ఒకటే.

గిట్, సీ ప్లస్ ప్లస్ కంపైలర్, పైథాన్, మెసన్, నింజా (బిల్డ్ నడిపే టూల్స్), పీకేజీ-కాన్ఫిగ్ (కావాల్సిన లైబ్రరీలు సిస్టమ్‌లో ఎక్కడున్నాయో చెప్పేది) ఉండాలి. విండోస్ అయితే ఎంసిస్2 (విండోస్‌లో లైనక్స్ తరహా కమాండ్లు, కంపైలర్లు ఇచ్చేది) వేసుకోండి, ఇంకేదీ వద్దు. దాంట్లో షెల్స్ (కమాండ్లు కొట్టే విండోలు) చాలా ఉంటాయి, యూసీఆర్‌టీ64 అన్నదే తెరిచి ప్యాకేజీలు కూడా దానివే వేయండి. సోర్స్ క్లోన్ చేసి ఆ ఫోల్డర్లోకి వెళ్ళండి.

ఇక మెసన్ సెటప్. అందరూ పాడుచేసేది ఇక్కడే. కమాండ్ కొడతారు, ఎర్రర్ రాలేదు కదా అని ముందుకెళ్ళిపోతారు. కానీ కైరో (బొమ్మ గీసేది), ఫ్రీటైప్ (ఫాంట్ ఫైళ్ళు చదివేది), జీలిబ్ (కమాండ్ టూల్స్‌కి కావాల్సినది) అనే లైబ్రరీలు దొరక్కపోయినా మెసన్ ఆగదండీ, వాటిని వదిలేసి చివరి లిస్టులో 'నో' అని చూపించి ఊరుకుంటుంది, తీరా బిల్డ్ అంతా అయ్యాక హెచ్‌బీ-వ్యూ (మాటని ఫాంట్‌తో గీసి చూపించే హార్ఫ్‌బజ్ టూల్) ఎక్కడా అని వెతుక్కుంటారు. అందుకే సెటప్‌లోనే డ్యాష్, పెద్ద డి, కైరో ఈక్వల్స్ ఎనేబుల్డ్ అని ఇవ్వాలి, మిగతా రెండిటికీ అంతే. అప్పుడు ఏది లేదో పేరు చెప్పి అక్కడే ఆగుతుంది.

"కైరో ఉందిగా, అయినా లేదంటోంది" అని అడుగుతారు. ఉబుంటులో మామూలుగా ఉండేది ప్రోగ్రాములు రన్ అవడానికి సరిపోయే ప్యాకేజీ, బిల్డ్‌కి కావాల్సిన హెడర్ ఫైళ్ళు మాత్రం పేరు చివర 'డెవ్' ఉన్నదాంట్లో వస్తాయి, అది వేయాలి. వేశాక బిల్డ్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి మళ్ళీ మొదటి నుంచి సెటప్ చేయండి, పాతదాన్ని సరిచేస్తూ కూర్చోవడం కన్నా ఇదే త్వరగా అవుతుంది. ఒక మెషిన్‌లోని బిల్డ్ ఫోల్డర్ని ఇంకోదానికి కాపీ చేయొద్దు, అందులోని పాత్‌లన్నీ పాత మెషిన్‌వే.

తర్వాత మెసన్ కంపైల్, మెసన్ టెస్ట్. ఫెయిల్ సున్నా అని వచ్చినా స్కిప్డ్ ఎన్నో కూడా చూడండి, స్కిప్ అయిన టెస్ట్ అసలు రన్ అవ్వలేదు.

ఇప్పుడు బిల్డ్‌లోని యూటిల్ ఫోల్డర్లో ఉన్న హెచ్‌బీ-వ్యూకి నోటో సాన్స్ తెలుగు ఫాంటూ 'స్త్రీ' అన్న మాటా ఇవ్వండి. పాత్‌తో సహా కొట్టాలి, ఉత్తి పేరు కొడితే సిస్టమ్‌లో ముందే ఉన్న పాత వెర్షన్ రన్ అయిపోవచ్చు. గుడిదీర్ఘం స మీద, దాని కింద త వత్తు, ర వత్తు రావాలి. అదే ఫాంట్ ఫైల్‌తో, అదే సోర్స్‌తో హెచ్‌బీ-షేప్ (ఏ అక్షర రూపం ఎక్కడ కూర్చుందో రాసిచ్చే టూల్) ఇచ్చే లైన్ మూడు ఓఎస్‌లలోనూ పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి.